కొత్త ఫర్నిచర్ కొనే ముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న

చాలా రోజుల నుంచి కామెంట్స్‌లో ఒకటే అడుగుతున్నారు. "అన్నా, జాబ్ వచ్చింది, అద్దెకి ఫ్లాట్ తీసుకున్నాం, కొత్త మోడల్ ఫర్నిచర్ ఏది కొనాలో చెప్పు" అని. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. అయితే ఇది "టాప్ టెన్ సోఫాలు" టైపు వీడియో కాదు. అలాంటివి మీ ఫోన్‌లో ఇప్పటికే వంద వచ్చి ఉంటాయి. నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఒకటి ఉంది. అది మీకు ఊరికే చెప్పేస్తాను.

మొదటి జీతం వచ్చిన నెలలో ఆన్‌లైన్‌లో ఒక వార్డ్‌రోబ్ కొన్నాను. మూడు తలుపులు, మధ్యలో నిలువుటద్దం, వాల్‌నట్ కలర్, పైకి హ్యాండిల్ కూడా కనిపించని మోడల్. ధర 14 వేలు. 12 నెలల ఈఎంఐ పెట్టాను. ఇంటికొచ్చి బిగించి వెళ్లిన రోజు ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. గది మొత్తం మారిపోయినట్టు అనిపించింది.

తొమ్మిదో నెలలో ఓనర్ గారు పిలిచారు. "బాబూ, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, ఇల్లు కావాలి" అన్నారు. సరే, ఇంకో ఇల్లు చూసుకున్నాను. షిఫ్టింగ్ రోజు కార్పెంటర్ అన్న వచ్చాడు. వార్డ్‌రోబ్ తలుపు తీశాడు, లోపల స్క్రూలు చూశాడు, వేలితో ఒక మూల నొక్కి చూశాడు. "విప్పుడు ఐదు నిమిషాల పని తమ్మీ. మళ్ల బిగించుడే కాదు. లోపల పొట్టు ఉన్నది, కట్టె లేదు" అన్నాడు.

నేను నమ్మలేదు. విప్పించాను. కొత్త ఇంట్లో బిగించబోతే స్క్రూ తిరుగుతూనే ఉంది, పట్టుకోవట్లేదు. వెనకాల పలచటి అట్టలాంటి షీట్ మేకులు పీకినప్పుడే చిరిగిపోయింది. నిలబెడితే మొత్తం ఒక పక్కకి వాలిపోతోంది. రెండు రోజులు చూసి పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేశాను. 400 ఇచ్చారు. వార్డ్‌రోబ్ పోయింది, ఈఎంఐలు మాత్రం ఇంకా మూడు మిగిలాయి.

అదే రోజు, అదే ట్రాలీ ఆటోలో ఇంకొకటి కూడా వచ్చింది. మా తాతయ్య కాలం నాటి నవారు మంచం. నేను హైదరాబాద్ వచ్చేటప్పుడు అమ్మ బలవంతంగా పంపింది. ఫ్రెండ్స్ వస్తే బాగోదని దాన్ని బాల్కనీలో పడేశాను. నిజం చెప్తున్నా, సిగ్గుపడ్డాను. ఆ మంచాన్ని కార్పెంటర్ అన్న అడక్కుండానే విప్పేశాడు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, ఒక నవారు చుట్ట. తాడుతో కట్టి ఆటోలో ఒక మూల పెట్టాడు. కొత్త ఇంట్లో అరగంటలో మళ్లీ మంచం అయిపోయింది.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "ఒరేయ్ నాన్నా, ఆ మంచం మీ తాతయ్యతో పాటు ఐదు ఊళ్లు తిరిగింది. ఆయన ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం కదా" అంది. అప్పుడు తట్టింది నాకు. తాతయ్యది ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం. మరి నాది? ఏడాదికో ఇల్లు. ఇద్దరి అవసరం ఒకటే. ఆయన దానికి తగ్గ వస్తువు కొన్నాడు, నేను ఫొటో చూసి కొన్నాను.

అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. కొత్త వస్తువు ఏది చూసినా ముందు ఇది అడగండి: దీన్ని ఎన్నిసార్లు విప్పి, ఎన్నిసార్లు మళ్లీ బిగించగలం?

ఇదేదో పాతకాలం ప్రశ్న అనుకోకండి. మనం ఈరోజు "కాంటెంపరరీ" అంటున్న ఫర్నిచర్ పుట్టిందే ఈ ప్రశ్న నుంచి.

స్క్రీన్ మీద ఈ కుర్చీ చూడండి. పాత కాఫీ హోటళ్లలో, సినిమాల్లో చూసే ఉంటారు. వెనక వంపు తిరిగిన చెక్క, గుండ్రటి సీటు. దీన్ని 1859లో మైఖేల్ థోనెట్ తయారు చేశాడు. పేరు నంబర్ 14. చెక్కని ఆవిరితో మెత్తబరిచి వంచేవాళ్లు. కుర్చీ మొత్తం ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడిభాగాలుగా సర్దితే ఒక మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అలా పెట్టెల్లో దేశదేశాలకి వెళ్లి, వెళ్లిన చోట బిగించుకునేవాళ్లు. అంటే మనం కొత్తదనుకుంటున్న ఫ్లాట్ ప్యాక్ ఐడియాకి 160 ఏళ్లు దాటింది.

తర్వాత 1950ల్లో స్వీడన్. ఐకియాలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే డిజైనర్ ఒక టేబుల్‌ని కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్లు విప్పేసి పెట్టాడు. ఆకు ఆకారంలో, మూడు కాళ్లతో ఉండే ఆ చిన్న టేబుల్ పేరు లోవెట్. విప్పి, బల్లపరుపు పెట్టెలో పెట్టి అమ్మితే రవాణా ఖర్చు తగ్గుతుంది, ధర తగ్గుతుంది అని ఆ కంపెనీ దాన్నే పద్ధతిగా మార్చుకుంది. 2018 ఆగస్టులో ఇండియాలో వాళ్ల మొదటి స్టోర్ మన హైదరాబాద్ హైటెక్ సిటీలోనే తెరిచారు. మొదటి రోజు అక్కడ ట్రాఫిక్ ఎలా ఉందో అప్పుడు ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. విడిభాగాలుగా వచ్చిన ప్రతిదీ మళ్లీ విడిభాగాలుగా వెళ్లదు. ఒక్కసారి బిగించడానికి చేసినవి వేరు, పదిసార్లు విప్పి బిగించడానికి చేసినవి వేరు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఎలా పట్టుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, మెటీరియల్. యాప్‌లో ప్రొడక్ట్ పేజీ ఓపెన్ చేసి ఫొటోలు దాటి కిందకి స్క్రోల్ చెయ్యండి. "ప్రైమరీ మెటీరియల్" అని ఉంటుంది. అక్కడ "ఇంజినీర్డ్ వుడ్" అని ఉంటే అది ఒకే వస్తువు కాదు, చాలావాటికి కలిపి పెట్టిన పేరు.

పార్టికల్ బోర్డ్ అంటే చెక్క పొట్టు, చిన్న పేళ్లు జిగురుతో కలిపి వేడి మీద గట్టిగా నొక్కింది. నా వార్డ్‌రోబ్ ఇదే. స్క్రూ దిగేటప్పుడు లోపలి పొట్టుని నొక్కుకుంటూ దారి చేసుకుంటుంది. మొదటిసారి గట్టిగానే పట్టుకుంటుంది. తీసి మళ్లీ పెడితే ఆ దారి పొడిపొడి అయిపోతుంది. ఎండీఎఫ్ అంటే చెక్కని ఇంకా సన్నగా, పీచులా చేసి నొక్కింది. నున్నగా ఉంటుంది, పెయింట్ బాగా పడుతుంది, గీతలు చెక్కిన తలుపులకి బాగుంటుంది. కానీ అంచుల్లో స్క్రూ వేస్తే చీలుతుంది. ప్లైవుడ్ అంటే పలచటి చెక్క పొరలు, ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకోటి అడ్డంగా పేర్చి అతికించింది. ఈ మూడింటిలో స్క్రూని బాగా పట్టుకునేది ఇదే. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకం ప్లైవుడ్, ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లైవుడ్, నీళ్లకి ఎక్కువ తట్టుకుంటుంది.

ఇక్కడ రెండు మాటల దగ్గర జాగ్రత్త. ఒకటి "ఫినిష్". "షీషమ్ ఫినిష్", "టేకు ఫినిష్" అంటే షీషమ్ కాదు, టేకు కాదు. రంగు మాత్రమే. రెండోది "సాలిడ్ వుడ్ లెగ్స్". అంటే కాళ్లు ఒక్కటే చెక్క, మిగతాది వేరే ఏదో. ఇంకో అపోహ కూడా ఉంది, బరువుంటే గట్టిది అని. ఎండీఎఫ్ చాలాసార్లు టేకు కంటే బరువుగా ఉంటుంది. బరువు చూసి మోసపోకండి. షిఫ్టింగ్‌లో మోసేది మనమే.

నిజమైన చెక్క కావాలి, బడ్జెట్ తక్కువ అంటే రబ్బర్ వుడ్ ఒకసారి చూడండి. రబ్బరు తోటల్లో పాలు తగ్గిపోయిన ముసలి చెట్లని కొట్టి వాటితో చేస్తారు. చిన్న ముక్కల్ని పళ్లు పళ్లుగా కలిపి అతికిస్తారు, దగ్గరగా చూస్తే ఆ గీత కనిపిస్తుంది. లేత రంగులో ఉంటుంది కాబట్టి ఇప్పటి మోడల్స్‌కి బాగా సరిపోతుంది. తడి మాత్రం తగలనివ్వకూడదు.

రెండోది, జాయింట్. ఇదే అసలు కీలకం. చాలా కంపెనీలు అసెంబ్లీ మాన్యువల్‌ని పేజీలోనే పెడతాయి. కొనకముందే దాన్ని ఓపెన్ చెయ్యండి. బోల్ట్ వెళ్లి ఇనప నట్‌లోకో, చెక్కలో ముందే దించిన లోహపు గొట్టంలోకో బిగుసుకుంటే శుభం. లోహం లోహాన్ని పట్టుకుంటోంది కాబట్టి ఎన్నిసార్లైనా విప్పొచ్చు. అలా కాకుండా స్క్రూ నేరుగా బోర్డులోకి దిగుతుంటే, దాన్ని ఒక్కసారి పెళ్లి అనుకోండి. గుండ్రంగా సగం తిప్పితే లాక్ అయ్యే క్యామ్ లాక్ అని ఇంకోటి ఉంటుంది. మెల్లగా, ఎక్కువ బిగించకుండా వాడితే రెండు మూడు షిఫ్టింగ్‌లు రావచ్చు. వెనక షీట్‌ని కూడా చూడండి. పలచగా ఉంది కదా అని తీసిపారేస్తాం. కానీ అల్మరా పక్కకి వాలకుండా ఆపేది అదే. మేకులతో కొట్టింది కాకుండా గాడిలోకి జారేది అయితే మంచిది.

ఇప్పుడు మా తాతయ్య మంచం చూడండి. పట్టె కొన కోడులోని బెజ్జంలో కూర్చుంటుంది. నవారు లాగి కట్టేకొద్దీ ఆ బిగువుకే జాయింట్లు ఇంకా బిగుస్తాయి. నవారు విప్పితే జాయింట్లు వదులైపోతాయి. పడుకునే బట్టే బిగించే బోల్ట్ కూడా! దాన్ని చేసినాయన ఏ డిజైన్ కాలేజీలోనూ చదివి ఉండడు.

మూడోది, తడి. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం. పండగొస్తే బకెట్ నీళ్లు పోసి కడుగుతాం. చాలా కొత్త మోడల్స్‌లో బోర్డు అంచు నేరుగా నేలని తాకుతుంది. ఫొటోలో నీట్‌గా ఉంటుంది. కానీ ఆ అంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. నొక్కిన పొట్టు ఒకసారి ఉబ్బితే ఆరినా వెనక్కి పోదు. కాబట్టి కనీసం రెండు మూడు అంగుళాల ఇనప కాళ్లో, ప్లాస్టిక్ బుష్‌లో ఉన్నవి తీసుకోండి. కింద చీపురు దూరుతుంది, అదో లాభం.

నాలుగోది, సైజు. ఫోన్‌లో అన్ని సోఫాలూ ఒకే సైజులో కనిపిస్తాయి, అదే ప్రాబ్లం. కొలతలు రాసుకుని నేల మీద పాత న్యూస్ పేపర్లు అంత సైజులో పరచండి. ఒక రోజంతా వాటి మీద కాలు పెట్టకుండా తిరగండి. బాత్రూమ్ తలుపు తెరుచుకుంటోందా, బట్టలారేసుకోవడానికి బాల్కనీకి వెళ్లగలుగుతున్నారా, మీకే తెలిసిపోతుంది. యాప్‌లో కెమెరాతో గదిలో పెట్టి చూసే ఆప్షన్ ఉంటుంది కానీ అది రంగు మ్యాచ్ అవుతుందా అని చూసుకోవడానికే. కొలతకి టేపే వాడండి. ఇంటి తలుపు, లిఫ్ట్ తలుపు, మెట్ల మలుపు కూడా కొలవండి. చదువుకునే టేబుల్ ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, కుర్చీ సీటు ఎత్తు సుమారు 45 ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు అందంగా ఉందని పొట్టి కాఫీ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకోకండి, మెడ నొప్పి మీదే.

సరే, ఇప్పుడు ట్రెండ్స్ దగ్గరికి వద్దాం. మీరు దీని కోసమే ఎదురు చూస్తున్నారని తెలుసు. జపాండీ అంటే జపాన్, స్కాండినేవియా పద్ధతులు కలిపింది. లేత చెక్క, ఎత్తు తక్కువ, సామాను తక్కువ. ఫ్లూటెడ్ అంటే నిలువు గీతలు చెక్కిన తలుపులు. చూడ్డానికి సూపర్, కానీ ప్రతి గీతలో దుమ్ము చేరుతుంది, వారం వారం బ్రష్ పెట్టాల్సిందే. ఇక రాట్టన్ అల్లిక తలుపులు, కుర్చీలు. ఇవి మనకి కొత్తేం కాదు. రాట్టన్ అంటే పేము. పాత ఆఫీసుల్లో పేము అల్లిన కుర్చీలు ఉండేవి కదా, అవే మళ్లీ వచ్చాయి. అసలు పేము అయితే ఒక చిట్కా: సీటు వదులైతే కింద వైపు తడిబట్టతో తడిపి నీడలో ఆరనివ్వండి, మళ్లీ బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ అల్లికకి ఇది పనిచెయ్యదు.

ఈ స్టైల్స్‌లో ఏది నచ్చినా తీసుకోండి. తప్పేం లేదు. ముందు ఆ నాలుగూ చూసి, ఆ తర్వాత స్టైల్. ఆర్డర్ మారకూడదు, అంతే.

ఇంకో మాట. పెద్ద వస్తువులు తగ్గించుకుంటే గది బోసిగా ఉంటుంది కదా అంటారు. అక్కడే చిన్న వస్తువుల పని. ఇవి విప్పక్కర్లేదు, ఒక అట్టపెట్టెలో సర్దుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఖర్చు ఇక్కడ పెట్టండి.

ముందు లైటు. ఓనర్ పెట్టిన ట్యూబ్‌లైట్ తెల్లగా, ఆసుపత్రిలా ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 6500 అంటే తెల్లటి వెలుగు, 2700 నుంచి 3000 అంటే దీపం లాంటి పసుపు వెలుగు. ఒక టేబుల్ ల్యాంప్‌లో 2700 బల్బు పెట్టి సాయంత్రం ట్యూబ్‌లైట్ ఆపేసి చూడండి. అదే గది, అవే గోడలు, కానీ ఇల్లులా అనిపిస్తుంది.

తర్వాత మన దగ్గర చేసేవి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు ఉంది. అంకుడు కర్రని మెషీన్ మీద తిప్పుతూ, లక్కలో రంగు కలిపి ఆ రాపిడి వేడికే పట్టిస్తారు. అందుకే అంత నునుపు, మూల అనేది ఉండదు. 2017లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది. మొక్కల నుంచి తీసే సహజ రంగుల్ని అక్కడ మళ్లీ వాడకంలోకి తెచ్చిన సీవీ రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అందరూ బొమ్మలు అనుకుంటారు కానీ కుంకుమ భరిణెలు, డబ్బాలు కూడా చేస్తారు. నా డెస్క్ మీద చెవి ఇయర్‌ఫోన్స్ ఉండేది ఒక ఏటికొప్పాక భరిణెలోనే. ఇదిగో చూడండి. మూడు ఇళ్లు మారింది, గీత పడలేదు.

మనవాటిని పొగడ్డానికి చెప్తున్న మాట కాదిది. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి ఒక రిపోర్ట్ ఇచ్చారు. దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ వచ్చింది. ఆ రిపోర్ట్‌లో వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు ఏంటో తెలుసా? మన చెంబు. ఎంత నీళ్లు పడతాయి, చంకన ఎలా ఆనుతుంది, ఎలా ఒంపుతాం, ఎలా తోముతాం, ఇవన్నీ తరాల తరబడి చూసుకుంటూ వచ్చిన ఆకారం అది అన్నారు. డిజైన్ అంటే ఈ ప్రశ్నలే. రంగు చివర్లో వస్తుంది.

చివరిగా, "అన్నా, నేను ఆల్రెడీ కొనేశా" అనేవాళ్లకి. కంగారు పడకండి. విప్పే ముందు ప్రతి జాయింట్‌కీ ఫొటో తీసుకోండి, స్క్రూలు ఒక కవర్లో వేసి అదే తలుపుకి టేప్‌తో అంటించండి. వదులైన రంధ్రంలో అగ్గిపుల్లలు చెక్క జిగురుతో దించి, ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడు స్క్రూ వెయ్యండి. కొన్నాళ్లు వస్తుంది. ఎత్తైన అల్మరా ఏదైనా సరే, దాంతో వచ్చే బ్రాకెట్‌తో గోడకి బిగించండి. చిన్న పిల్లలు వచ్చే ఇల్లైతే ఇది మర్చిపోవద్దు, సొరుగులు లాగి ఎక్కబోతే అల్మరా మీద పడుతుంది.

ఇప్పుడు నా ఇంట్లో ఏమున్నాయో చెప్పి ముగిస్తాను. ఇనప కాళ్ల మీద ప్లైవుడ్ పలక ఉన్న డెస్క్, మొత్తం ఎనిమిది బోల్టులు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక పేము కుర్చీ. వార్డ్‌రోబ్ బదులు బట్టలకి ఇనప స్టాండ్, దానికి ఒక కర్టెన్. ఇక ఆ నవారు మంచం బాల్కనీ నుంచి హాల్లోకి వచ్చింది. కొత్త నవారు వేయించాను, ముదురు నీలం రంగు. మొన్న వచ్చిన ఫ్రెండ్ దాని మీద కూర్చుని "ఇది ఏ యాప్‌లో కొన్నావు రా?" అని అడిగాడు. లింక్ లేదని చెప్పాను.

మీ ఇంట్లో కూడా ఊళ్లో మూలన పడేసిన వస్తువు ఏదైనా ఉంటే, దాన్ని ఎలా బిగించారో దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టండి. పేరేంటో అమ్మనో నాన్ననో అడిగి రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టకుండా అద్దం, షెల్ఫ్ ఎలా పెట్టాలో చూద్దాం, అడ్వాన్స్ డబ్బులు కట్ అవ్వకుండా. ఉంటాను మరి, నమస్తే.